సామ్యూల్ బెంథమ్

సామ్యూల్ బెంథమ్ (1757 జనవరి 11 - 1831 మే 31) ఇంగ్లాండుకు చెందిన నౌకా నిర్మాత, యంత్ర నిపుణుడు. ఇతనిని సర్ సామ్యూల్ బెంథమ్ అని కూడా వ్యవహరిస్తారు. కర్రపని యంత్రాలకు, ముఖ్యంగా బల్లపై అమర్చిన గుండ్రటి రంపానికి, స్పష్టమైన రూపం ఇచ్చిన తొలితరం వారిలో ఇతడు ముఖ్యుడు. ప్రసిద్ధ తత్వవేత్త జెరెమీ బెంథమ్ ఇతని అన్న. వృక్షశాస్త్ర విద్యార్థులకు సుపరిచితమైన బెంథమ్, హూకర్ వర్గీకరణలోని జార్జ్ బెంథమ్ ఇతని కుమారుడు.

గుండ్రటి రంపాన్ని బెంథమ్ కనిపెట్టలేదు. అది అతనికి ముందే ఉంది. రంపం తిరిగే చోట కర్రను ఎలా నిలపాలి, ఎలా నడపాలి అన్న సమస్యకు అతడు పరిష్కారం చూపాడు. నేడు తిరుపతి, చిత్తూరు పట్టణాల వడ్రంగి దుకాణాలలో కనిపించే రంపపు బల్లలో రంపం పైకి వచ్చే సందు, పలకను ఆనించే గైడు, ముందుకు జరిగే బల్ల ఉంటాయి. ఈ మూడూ 1793లో బెంథమ్ పొందిన పేటెంటులో వర్ణించబడ్డాయి.

బాల్యం, శిష్యరికం

సామ్యూల్ లండన్‌లో జన్మించాడు. తండ్రి జెరెమయా బెంథమ్ న్యాయవాది. తల్లి అలీషియా, సామ్యూల్‌కు రెండేళ్ళ వయసులోనే మరణించింది. ఏడుగురు సంతానంలో పెరిగి పెద్దయిన వారు ఇద్దరే: పెద్దవాడు జెరెమీ, చిన్నవాడు సామ్యూల్. అన్న కంటే తమ్ముడు సుమారు తొమ్మిదేళ్ళు చిన్న.

వెస్ట్‌మినిస్టర్ పాఠశాలలో కొంతకాలం చదివిన తరువాత, 14వ ఏట, ఊలిచ్‌లోని నౌకాదళ డాక్‌యార్డులో ఓడ వడ్రంగుల పెద్ద వద్ద శిష్యునిగా చేరాడు. కలిగిన కుటుంబాల పిల్లలు సాధారణంగా ఎంచుకొనే మార్గం కాదిది. ఏడేళ్ళ శిష్యరికంలో కొంత భాగం ఛాటమ్ డాక్‌యార్డులో గడిచింది. దుంగలు కోయటం, పలకలు చిత్రిక పట్టటం, ఓడ అంగాలు కూర్చటం ఇతడు అక్కడ స్వయంగా చూసి, చేసి నేర్చుకున్నాడు. గణితం, రసాయన శాస్త్రం కూడా అభ్యసించాడు.

రష్యా సేవలో

ఇంగ్లాండులో తగిన ఉద్యోగం దొరకక 1779లో బయలుదేరి 1780లో రష్యా చేరాడు. ఉరల్ పర్వత ప్రాంతంలోని గనులను, కర్మాగారాలను పరిశీలిస్తూ సైబీరియా మీదుగా చైనా సరిహద్దు వరకు ప్రయాణించాడు. 1784లో రాకుమారుడు పొటెంకిన్ కొలువులో చేరి, ప్రస్తుతం బెలారస్‌లో ఉన్న క్రిచెవ్ ఎస్టేటులోని కర్మాగారాలకు, ఓడల పనికి అధికారి అయ్యాడు.

క్రిచెవ్‌లో పనితనం తెలిసిన వారు బహు తక్కువ. పని నేర్పగలిగిన కొద్దిమంది పెద్ద సంఖ్యలో కొత్తవారిని ఎలా కనిపెట్టి ఉండాలన్నది అతని ముందున్న సమస్య. దీనికి ఉపాయంగా, మధ్యలో కూర్చున్న వ్యక్తి చుట్టూ ఉన్న వారందరినీ చూడగలిగే గుండ్రటి భవనాన్ని ఊహించాడు. 1786లో తమ్ముని చూడటానికి వచ్చిన జెరెమీ ఈ ఊహను తీసుకొని పనాప్టికాన్ అనే చెరసాల పథకంగా పెంచాడు. పనాప్టికాన్ పేరు చెప్పగానే జెరెమీ గుర్తుకు వస్తాడు కానీ, మూలమైన ఆలోచన సామ్యూల్‌దే.

1787లో ఒట్టొమన్ సామ్రాజ్యంతో యుద్ధం మొదలైనపుడు నదులలో తిరిగే పడవలకు పెద్ద ఫిరంగులు అమర్చి చిన్న నౌకాదళాన్ని సిద్ధం చేసాడు. 1788లో ఒచకోవ్ దగ్గర జరిగిన పోరులో ఈ పడవలు విజయం సాధించాయి. ఇందుకు రష్యా ప్రభుత్వం అతనికి సెయింట్ జార్జ్ పతకం ఇచ్చి గౌరవించింది. 1791లో ఇంగ్లాండుకు తిరిగి వచ్చాడు.

అప్పటి కోత పని

ఆనాటి ఇంగ్లాండులో దుంగలను ఎక్కువగా మనుషులే కోసేవారు. నేలలో పొడవైన గొయ్యి తవ్వి, దానిపై దుంగను నిలిపి, ఒకడు పైన, మరొకడు గోతిలో నిలబడి పెద్ద రంపాన్ని లాగేవారు. గీత తప్పకుండా నడిపించే బాధ్యత పైవానిది. కింద ఉన్నవానిపై రంపపు పొట్టు రాలుతూ ఉండేది. మన ప్రాంతంలోనూ యంత్రాలు రాకముందు పెద్ద దుంగలను ఇద్దరు మనుషులు పొడవాటి రంపంతో కోయటమే పద్ధతి.

నీటి చక్రంతోనో, గాలిమరతోనో నడిచే రంపపు మిల్లులు హాలండ్ తదితర దేశాలలో ఉన్నాయి. వాటిలో రంపం చట్రంలో బిగించబడి పైకీ కిందకూ ఆడుతుంది. ఇటువంటి రంపం ఒక దిశలో పోయేటపుడే కోస్తుంది. తిరుగు ప్రయాణంలో కాలం వృథా అవుతుంది. పైగా ప్రతిసారీ బరువైన చట్రాన్ని ఆపి, వెనక్కు మళ్ళించాలి కనుక వేగం పెంచటం కష్టం.

గుండ్రటి రంపానికి ఈ లోపం లేదు. అది ఎడతెగకుండా ఒకే దిశలో కోస్తుంది. 1777లో సౌతాంప్టన్ వాసి సామ్యూల్ మిల్లర్ పొందిన పేటెంటులో ఇటువంటి రంపం ప్రస్తావన ఉంది. అదే ప్రాంతంలో నౌకాదళానికి కప్పీలు తయారు చేసే వాల్టర్ టేలర్ కూడా గుండ్రటి రంపాలను వాడాడు. అమెరికాలో టబిత బాబిట్ అనే మహిళ 1813లో దీనిని కనిపెట్టిందన్న కథనం ప్రచారంలో ఉన్నా, ఇంగ్లాండులో అప్పటికి ఎన్నో ఏళ్ళ ముందే ఈ రంపం వాడుకలో ఉంది.

1793 పేటెంటు

బెంథమ్ 1791లో చిత్రిక పట్టే యంత్రానికి ఒక పేటెంటు, 1793లో కర్ర, లోహం మొదలైన వాటిని కోసే, తొలిచే, మలిచే యంత్రాలన్నిటికీ కలిపి మరొక పేటెంటు పొందాడు. రెండవది చాలా విస్తృతమైనది. అందులో రంపాలకు సంబంధించిన ముఖ్యాంశాలు ఇవి:

రంపపు బల్ల: రంపపు ఇరుసు బల్ల అడుగున ఉంటుంది. బల్లలోని సన్నని సందు గుండా రంపం పై భాగం మాత్రమే బయటకు వస్తుంది. కర్ర బల్లపై ఆని ఉంటుంది కనుక దాని బరువును పనివాడు మోయనక్కరలేదు.

గైడు: రంపానికి సమాంతరంగా, దగ్గరకూ దూరానికీ జరపగల దన్ను ఇది. పలక అంచును దీనికి ఆనించి తోస్తే మొదటి నుండి చివరి వరకు ఒకే వెడల్పు వస్తుంది. గీత గీయవలసిన పని గాని, కంటితో సరిచూడవలసిన పని గాని ఉండదు.

జరిగే బల్ల, వాలు గైడు: కర్రను చేతితో తోయటానికి బదులు, కర్రను మోస్తున్న బల్లే రంపం వైపు జరుగుతుంది. ఏటవాలు కోతల కోసం గైడును కావలసిన కోణంలో నిలపవచ్చు.

ముక్కలుగా కూర్చిన రంపం: గుండ్రటి రంపం తన వ్యాసంలో సగం కంటే తక్కువ లోతు మాత్రమే కోయగలదు. మధ్యలో ఇరుసు ఉండటమే ఇందుకు కారణం. కనుక పెద్ద దుంగకు చాలా పెద్ద రంపం కావాలి. అంత పెద్ద ఉక్కు బిళ్ళను వంకర లేకుండా, అంతటా ఒకే గట్టిదనంతో తయారు చేయటం అప్పట్లో దుస్సాధ్యం. పళ్ళున్న ఉక్కు ముక్కలను వేరువేరుగా చేసి, ఒక చక్రం అంచున వరుసగా బిగించటం బెంథమ్ సూచించిన మార్గం. ఒక చోట పళ్ళు విరిగితే ఆ ముక్కను మాత్రమే మార్చవచ్చు.

ఒకే ఇరుసుపై రెండు రంపాలు: వీటి మధ్య దూరాన్ని సరిచేసి రెండు వైపులా ఒకేసారి కోయవచ్చు. తలుపులు, కిటికీల చట్రాలలో అతుకు కోసం కర్ర చివర మొన తీయటానికి ఇది ఉపయోగపడుతుంది.

గైడు ప్రయోజనం కొలతకు మాత్రమే పరిమితం కాదు. గుండ్రటి రంపంలో పనివాని వైపు పళ్ళు కిందకు దిగుతూ కర్రను బల్లకు అదుముతాయి. అవతలి వైపు పళ్ళు పైకి లేస్తాయి. తోసేటపుడు కర్ర పక్కకు తిరిగితే ఆ లేచే పళ్ళు దానిని పట్టుకొని పనివాని మీదకు విసరివేస్తాయి. 300 మిల్లీమీటర్ల వ్యాసం గల రంపం నిమిషానికి 3000 చుట్లు తిరిగితే దాని పళ్ళ వేగం సెకనుకు సుమారు 47 మీటర్లు. ఆ వేగంలో చేతి పట్టు చాలదు. కర్రను తిన్నగా నడిపే ఏర్పాటు లేకుండా ఈ రంపాన్ని నమ్మి వాడటం సాధ్యం కాదు.

చెరసాల కోసం తలపెట్టిన యంత్రాలు

ఈ యంత్రాల వెనుక అన్నదమ్ముల ఉమ్మడి పథకం ఉంది. జెరెమీ తలపెట్టిన పనాప్టికాన్ చెరసాలలో ఖైదీలచే పని చేయించి ఖర్చు రాబట్టాలి. ఖైదీలకు వడ్రం రాదు. అందుచేత కొలతను, కోణాన్ని, లోతును యంత్రమే నిర్ణయించి, మనిషి బలాన్ని మాత్రమే అందించే ఏర్పాటు కావలసి వచ్చింది. వెస్ట్‌మినిస్టర్‌లోని బెంథమ్ కుటుంబపు ఇంటి ఆవరణలో ఈ యంత్రాలను నిర్మించి పరీక్షించారు. చెరసాల మాత్రం నిర్మాణానికి నోచుకోలేదు. చివరకు 1813లో పార్లమెంటు జెరెమీకి 23,000 పౌండ్ల పరిహారం ఇచ్చి ఆ పథకాన్ని ముగించింది.

పోర్ట్స్‌మత్ కర్ర మిల్లులు

1796లో బ్రిటిష్ ప్రభుత్వం బెంథమ్ కోసం నౌకాదళ పనుల ఇన్‌స్పెక్టర్ జనరల్ అనే కొత్త పదవిని కల్పించింది. ఫ్రాన్సుతో యుద్ధం సాగుతున్న రోజులవి. ఓడలకు మరమ్మతులు వేగంగా జరగాలి, ఖర్చు తగ్గాలి. నీరు చొరని అడ్డగోడలున్న ప్రయోగాత్మక ఓడలను బెంథమ్ కట్టించాడు. పోర్ట్స్‌మత్ డాక్‌యార్డు విస్తరణను చేపట్టాడు.

1799లో అక్కడ ఆవిరి యంత్రాన్ని నెలకొల్పాడు. డాక్‌లలోని నీటిని తోడటానికి ఆవిరి యంత్రం అవసరమని చెప్పి, అదే శక్తితో రంపాలను, ఇతర కర్రపని యంత్రాలను కూడా నడిపించాడు. నౌకాదళ డాక్‌యార్డులోకి ఆవిరి శక్తి ప్రవేశించటం ఈ విధంగా జరిగింది.

ఆ సమయంలో ఫ్రాన్సులో పుట్టి ఇంగ్లాండులో స్థిరపడిన మార్క్ ఇసాంబార్డ్ బ్రూనెల్ కప్పీల తయారీకి తాను రూపొందించిన యంత్రాల నమూనాలను తెచ్చాడు. తెరచాప ఓడలకు కప్పీలు లేనిదే పని జరగదు. 74 ఫిరంగులు గల ఒక యుద్ధనౌకకు తొమ్మిది వందలకు పైగా కప్పీలు కావాలి. నౌకాదళం మొత్తానికి ఏటా సుమారు లక్ష అవసరమయ్యేవి. బెంథమ్ కూడా కప్పీల యంత్రాల గురించి ఆలోచిస్తూనే ఉన్నాడు. అయినా బ్రూనెల్ యంత్రాలు మెరుగైనవని గుర్తించి, తన ఆలోచనను పక్కనపెట్టి, వాటినే సిఫారసు చేసాడు. 1802లో ప్రభుత్వం అంగీకరించింది. హెన్రీ మాడ్‌స్లే ఆ యంత్రాలను తయారు చేసాడు. 1808 నాటికి 45 యంత్రాలతో ఏటా 1,30,000 కప్పీలు తయారయ్యాయి. 110 మంది చేసే పనిని 10 మంది చేయగలిగారు. దుంగను ముక్కలుగా కోసే మొదటి దశ రంపాలదే.

కార్మికులు, కర్ర ముక్కల హక్కు

ఈ మార్పుల వలన నష్టపోయిన వారు కూడా ఉన్నారు. డాక్‌యార్డు వడ్రంగులకు పనిలో మిగిలిన కర్ర ముక్కలను ఇంటికి తీసుకుపోయే హక్కు పూర్వం నుండి ఉండేది. తక్కువ కూలి, అదీ ఆలస్యంగా అందే రోజులలో ఈ ముక్కలు వారి ఆదాయంలో భాగం. మంచి కర్రను కూడా కావాలని ముక్కలు చేస్తున్నారన్నది అధికారుల ఆరోపణ. బెంథమ్ ఈ ఆచారాన్ని గట్టిగా వ్యతిరేకించాడు. 1801లో ఈ హక్కును రద్దు చేసి బదులుగా డబ్బు చెల్లించే ఏర్పాటు చేసారు.

యంత్రం విషయమూ ఇటువంటిదే. గీత తప్పకుండా కోయగల నేర్పు అంతవరకు కార్మికుని చేతిలో ఉండేది, అతని కూలికి అదే ఆధారం. గైడు వచ్చాక ఆ నేర్పు బల్లలోకి చేరింది. కార్మికుని భారం తగ్గినా అతనితో బేరమాడవలసిన అవసరం కూడా యజమానికి తగ్గింది. బెంథమ్‌ను గురించి రాసే చరిత్రకారులు అతని యంత్రాలతో పాటు ఈ అంశాన్ని కూడా పరిశీలిస్తారు.

విరోధం, పదవీ నష్టం

డాక్‌యార్డులను నడిపే నౌకాదళ బోర్డుకు బెంథమ్ అంటే గిట్టేది కాదు. కొనుగోళ్ళలో అక్రమాలను ఎత్తిచూపటం, సమష్టిగా తీసుకొనే నిర్ణయాలకు బదులు ప్రతి పనికీ ఒక వ్యక్తిని బాధ్యునిగా చేయాలని పట్టుబట్టటం ఇందుకు కారణాలు. 1805లో ఓడలు కట్టించే పని మీద అతనిని రష్యాకు పంపారు. అక్కడ ఓడల నిర్మాణానికి అనుమతి లభించలేదు. ఖాళీగా ఉండక సెయింట్ పీటర్స్‌బర్గ్ సమీపంలోని ఓఖ్తాలో పనాప్టికాన్ పద్ధతిలో వృత్తి విద్యాలయ భవనం కట్టించాడు.

1807లో తిరిగి వచ్చేసరికి అతని పదవి రద్దయి, అతడు ఎవరిని విమర్శించాడో ఆ బోర్డులోనే ఒక సభ్యునిగా సర్దుబాటు చేయబడి ఉన్నాడు. 1812లో ఆ స్థానమూ రద్దయింది. అప్పటికి అతని వయసు 55 సంవత్సరాలు.

కుటుంబం, చివరి రోజులు

1796లో బెంథమ్, వైద్యుడు జార్జ్ ఫోర్డైస్ కుమార్తె మేరీ సోఫియాను వివాహం చేసుకున్నాడు. 1814లో కుటుంబం ఫ్రాన్సుకు తరలిపోయి, తరువాత దక్షిణాన మోంపెలియే సమీపంలో స్థిరపడింది. సుమారు పన్నెండేళ్ళ తరువాత వారు ఇంగ్లాండుకు తిరిగి వచ్చారు. బెంథమ్ 1831 మే 31న లండన్‌లో మరణించాడు. మరుసటి ఏడు అన్న జెరెమీ మరణించాడు.

మేరీ సోఫియా భర్త జీవిత చరిత్రను రచించింది. ఆమె 1858లో మరణించగా పుస్తకం 1862లో వెలువడింది. బెంథమ్ గురించి నేడు తెలిసిన విషయాలలో చాలా వాటికి ఇదే ఆధారం.

కుమారుడు జార్జ్ బెంథమ్ (1800 - 1884) ఫ్రాన్సులో ఉన్నపుడే మొక్కలపై ఆసక్తి పెంచుకున్నాడు. జోసెఫ్ డాల్టన్ హూకర్‌తో కలిసి 1862 - 1883 మధ్య ప్రచురించిన జెనెరా ప్లాంటారమ్ గ్రంథం బెంథమ్, హూకర్ వర్గీకరణకు మూలం. రాయలసీమలో అందరికీ తెలిసిన సీమచింత చెట్టు శాస్త్రీయ నామం చివర ఇతని పేరే ఉంటుంది.

తరువాతి మార్పులు

బెంథమ్ తరువాత రంపాలు మరెన్నో మార్పులు పొందాయి. బ్రూనెల్ లండన్‌లోని బాటర్సీలో, తరువాత ఛాటమ్ డాక్‌యార్డులో రంపపు మిల్లులు నిర్మించాడు. ముక్కలుగా కూర్చిన పెద్ద రంపాలతో బాటర్సీలో విలువైన కర్రను పలుచని పొరలుగా కోసేవారు. 1808లో విలియం న్యూబెరీ పట్టీ రంపానికి పేటెంటు పొందాడు. దానికి తగిన ఉక్కు పట్టీలు లేక అది దశాబ్దాల తరువాత గాని వాడుకలోకి రాలేదు. 1906లో జర్మనీకి చెందిన విల్‌హెల్మ్ ఆల్టెన్‌డోర్ఫ్ జరిగే బల్ల గల రంపపు యంత్రాన్ని రూపొందించాడు. పెద్ద ప్లైవుడ్ షీట్లను కోసే నేటి ప్యానెల్ రంపానికి ఇది మాతృక. కర్రను మోస్తూ బల్లే జరగాలన్న సూత్రం బెంథమ్ పేటెంటులో ఉన్నదే.

తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో

రంపం విషయంలో కర్ర వృథా అన్నది చిత్తూరు ప్రాంతానికి ముఖ్యమైన అంశం. శేషాచలం కొండలలో సహజంగా పెరిగే ఎర్రచందనం అత్యంత విలువైన కర్ర. 1995 నుండి దీని అంతర్జాతీయ వ్యాపారం సైటిస్ ఒప్పందం నియంత్రణలో ఉంది. ఏర్పేడు మండలంలోని మాధవమాల గ్రామం దేవతామూర్తుల కొయ్య చెక్కడానికి పేరు పొందింది. ఇటువంటి పనికి ముడి కర్ర ఎంత వృథా అయితే అంత నష్టం.

రంపం తన మందానికి తగినంత కర్రను పొట్టుగా మారుస్తుంది. 20 మిల్లీమీటర్ల పలకలు తీసేటపుడు కోత సందు 4 మిల్లీమీటర్లయితే ప్రతి 24 మిల్లీమీటర్లలో 4, అంటే ఆరవ వంతు, పొట్టుగా పోతుంది. సందు 2 మిల్లీమీటర్లకు తగ్గితే పోయేది పదకొండవ వంతే. పలుచని రంపం సులభంగా వంగుతుంది కనుక కర్ర కదలకుండా తిన్నగా నడవాలి. ఆ పని గైడుది, బల్లది.

ఎర్రచందనం చేరిన డాల్బెర్జియే అనే తెగపై 1860లో సమగ్ర పరిశీలన ప్రచురించినది జార్జ్ బెంథమ్ కావటం విశేషం.

గుర్తింపు

బెంథమ్ పేటెంటు గడువు తీరాక ఆ యంత్ర భాగాలు అందరి సొత్తు అయ్యాయి. వాటిని వాడేవారిలో చాలామందికి అతని పేరు తెలియలేదు. పోర్ట్స్‌మత్ ఘనత ప్రధానంగా బ్రూనెల్‌కు, మాడ్‌స్లేకు దక్కింది. 1851 నాటి లండన్ మహా ప్రదర్శన తరువాత కేంబ్రిడ్జి ఆచార్యుడు రాబర్ట్ విల్లిస్ తన ఉపన్యాసంలో 1793 పేటెంటు ప్రాముఖ్యాన్ని వివరించాడు. 1872లో కర్రపని యంత్రాలపై గ్రంథం వెలువరించిన అమెరికా ఇంజనీరు జాన్ రిచర్డ్స్ కూడా బెంథమ్‌కు ఈ రంగంలో అగ్రస్థానం ఇచ్చాడు. అప్పటికి బెంథమ్ మరణించి నలభై ఏళ్ళు దాటింది.